సాక పోసిన ఖర్జూరపు బీరు

మెడలో తులసిమాల ఉన్న మనిషికి బీరు కాయడం ఎలా వచ్చిందని చాలామంది అడిగారు. ఇల్లు తుడవడం ఎలా వచ్చిందో అదీ అలాగే వచ్చింది. గల్ఫ్ దేశంలో, బుసైతీన్ అనే చోట నేను పనిచేసే విల్లాలో వంట, బట్టలు, మొక్కలు, బీరు అన్నీ నా డ్యూటీలోవే. అక్కడ ఉండే సారు తన బీరు తానే కాచుకునేవారు. నేను సీసాలు కడిగేవాణ్ణి, పొయ్యి దగ్గర నిలబడేవాణ్ణి, గరిటె తిప్పేవాణ్ణి. పులిసిన బీరు మాత్రం ఒక్క చుక్క కూడా నోట్లో వేసుకునేవాణ్ణి కాదు.

సారుది బెల్జియం. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటులో ఇంజనీరు. భార్య చనిపోయాక ఈ దేశం వచ్చారు. అరవై దాటిన మనిషి, పొడుగ్గా, కాస్త వంగి, ఎప్పుడూ ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నట్టు నడిచేవారు. ఆయన ఇంగ్లీషు కొంత, నా క్యాంపు హిందీ కొంత, మిగిలింది చేతి సైగలు. మేం మాట్లాడుకున్నది అలాగే. ఆయన మాటలను ఇక్కడ నాకు అర్థమైన తెలుగులో రాస్తున్నాను.

అంతకుముందు నేను సిత్రాలో క్యాంపులో ఉండేవాణ్ణి. ట్యాంకుల దగ్గర స్కాఫోల్డింగ్ కట్టే పని. నడుము పట్టేసి పైపులు ఎత్తలేకపోయినప్పుడు ఇక ఇంటికి పంపేస్తారనుకున్నాను. నాకు వీసా ఇచ్చిన కఫీల్ తమ్ముడికి బుసైతీన్‌లో అద్దెకిచ్చిన విల్లా ఉంది. ఇంటిపనికి మనిషి కావాలట. వంట వచ్చా అని అడిగితే వచ్చన్నాను. క్యాంపు గదిలో ఎనిమిదిమందిమి ఉండేవాళ్ళం. ఒకరి గురక, ఒకరి ఫోను, ఒకరి పోపు వాసన. ఎప్పుడు కాస్త ఒంటరిగా కూర్చుంటానా అని ఉండేది. విల్లా వెనక నాకిచ్చిన చిన్న గదిలోకి వచ్చాక ఆ కోరిక తీరిపోయింది, అదీ అవసరానికి మించి. పగలంతా నా చెప్పుల చప్పుడు నాకే వినబడేది. సారు పనికి వెళ్ళి వచ్చేదాకా నేను మాట్లాడేది కుళాయితో, కుక్కర్‌తో.

మనుషులు దొరికేది శుక్రవారమే. పొద్దున్నే బస్సెక్కి హూరా వెళ్ళేవాణ్ణి. అక్కడ ఒక కిరాణా దుకాణం పైగదిలో మా భజన మండలి కూడేది. ఆర్మూర్, నిర్మల్, జగిత్యాల వైపు వాళ్ళం. గోడకు పాండురంగడి పటం, ముందు రెండు అగరొత్తులు. పక్కగదులవాళ్ళకు ఇబ్బంది కాకుండా డోలక్ కింద తువ్వాలు మడిచి పెట్టేవాళ్ళం. మండలికి పెద్ద ఒక టైల్స్ మేస్త్రి. అందరం ఆయన్ను మేస్త్రన్నా అనే పిలిచేవాళ్ళం. పాట ఎత్తుకోవడం మాత్రం నాకు అప్పగించారు. నేను చరణం ఎత్తుకుంటే అందరూ అందుకునేవారు. వారమంతా మూసుకుపోయిన గొంతు అక్కడ తెరుచుకునేది.

నా మాల గురించి చెప్పాలి. మాది కల్లు గీసే ఇల్లు. మా నాన్న ఈతచెట్లు గీసేవాడు. పదిహేడేళ్ళప్పుడు ఊళ్ళో భజన గురువు దగ్గర చేరాను. పురాణాలు చదవడం, పద్యాలకు అర్థం చెప్పడం, తాళం వెయ్యడం అన్నీ ఆయనే నేర్పాడు. మాల వేసేటప్పుడు మత్తు, మాంసం ముట్టనని ఆయన చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను. ఆ సాయంత్రం నాన్న నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"కల్లమ్మిన పైసలతోని తిన్న బువ్వ అరిగిందారా?"

మాలవైపు చూసి నాన్నే మళ్ళీ అన్నాడు.

"తాగకుంటే తాగకు, మంచిదే. కని ఎల్లమ్మకు పొయ్యకుంట ముంత కదిలిచ్చినవో, సూడు మల్ల."

ఎల్లమ్మ మా ఇంటి దేవత. కుండలోంచి మొదటి కల్లు ఆమెకే. మూడుసార్లు నేలమీద ధారగా పోస్తాం. దాన్నే సాక అంటాం. సాక పొయ్యనిదే ఎవరూ నోట పెట్టరు. పోశాక మిగిలినది ఆమె ప్రసాదం. అక్కడున్న ప్రతివాడికీ అందాలి, వద్దనకూడదు. నేను పొద్దున మండువా దగ్గర, అంటే కల్లు అమ్మే చోట, సాక పోసి అమ్మాను, సాయంత్రం పాండురంగడి ముందు తాళం వేశాను. మాలవాడినని తెలుసు కనుక మా ఊళ్ళో నాకు ఎవరూ ముంత అందించేవారు కాదు. ఇద్దరు దేవుళ్ళూ ఆ ఒప్పందాన్ని ఒప్పుకున్నారనే నా నమ్మకం.

సారు బీరు కాసే రోజున ఇల్లంతా అంబలి కాచిన వాసన. మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించిన బార్లీ గింజలు బయటినుంచి తెప్పించుకునేవారు. వాటిని బరకగా ఆడించి చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళలో నానబెట్టి కాసేపు ఓపిక పడితే ఆ నీళ్ళు తియ్యబడతాయి. చక్కెర లేదు, బెల్లం లేదు, అయినా చెరకురసంలా తియ్యగా ఉంటాయి. మొదటిసారి నేను ఎవరైనా ఏదైనా కలిపారేమోనని చుట్టూ చూశాను. ఆ తియ్యనీళ్ళను వడకట్టి, హాప్స్ అనే చేదుపూలు వేసి మరిగించాలి. తర్వాత మంచుగడ్డల టబ్బులో పాత్ర దింపి త్వరగా చల్లార్చి, ఈస్ట్ చల్లి మూత బిగించాలి. ఈస్ట్ పడకముందు ఆ తియ్యనీళ్ళు ఒక గ్లాసు నాకిచ్చేవారు. అప్పటికి మత్తు లేదు కదా, తాగేవాణ్ణి. ఈస్ట్ పడేదాకా అది నాది, పడ్డాక ఆయనది.

పడ్డాక మడి మొదలయ్యేది. ఆ మాట ఆయనకు తెలియదు, కాని అది మడే. గొట్టం, గరిటె, మూత, బీరుకు తగిలే ప్రతిదీ క్రిములు చంపే మందు కలిపిన నీళ్ళలో ముంచి తియ్యాలి. తడిచేత్తో ముట్టకూడదు. పాత్రమీద వంగి మాట్లాడకూడదు. నాకు ముందు ఆ ఇంట్లో పనిచేసినవాడు ఇవన్నీ పట్టించుకోక రెండు పాత్రలు పాడుచేశాడట. నేను మొదటిరోజే నోటికి గుడ్డ కట్టుకుని నిలబడితే సారు ఆశ్చర్యపోయారు.

"ఇది నీకెవరు నేర్పారు?"

"మా అమ్మ, సార్. బోనం వండేటప్పుడు అమ్మ ఉప్పు కూడా చూడదు."

బోనం అంటే ఏమిటో చెప్పడానికి ఆ మధ్యాహ్నమంతా పట్టింది.

ఆయనకు నలుగురు స్నేహితులు ఉండేవారు. వేర్వేరు దేశాలవాళ్ళు, అందరూ ప్లాంట్లలో, ఓడల మరమ్మతులో పనిచేసేవాళ్ళు. సాయంత్రాలు వచ్చేవారు. నేను చిన్న చిన్న గ్లాసులు వరసగా పెట్టేవాణ్ణి, మధ్యలో రొట్టె ముక్కలు. లేతరంగు బీరుతో మొదలుపెట్టి నల్లదానితో ముగించేవారు. గుటక వేసి వెంటనే మింగేవారు కాదు. నోట్లో తిప్పి, కళ్ళు మూసుకుని, ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పేవారు. ఒకాయన నారింజ తొక్క అంటే ఇంకొకాయన కాదు తడిసిన గడ్డి అనేవాడు. వాదించుకునేవారు, నవ్వేవారు. మా మండలిలో పద్యానికి అర్థం చెప్పుకున్నట్టే ఉండేది. తర్వాత ఒకరి కాంట్రాక్టు ఖలాస్ అయింది. ఇంకొకరి భార్యకు జబ్బు చేసింది. ఒకాయన ఖతార్ వెళ్ళిపోయాడు. చివరికి ఒక్కడు మిగిలాడు. అతనూ మనామాకు అవతల ఇల్లు మారి, వస్తానని చెప్పి రాని మనిషి అయ్యాడు.

సారు గ్లాసులు పెట్టమనడం మానలేదు. ఐదు పెట్టమనేవారు, ఒక్కటి నింపుకునేవారు. ఒకరోజు నేను ఖాళీ గ్లాసులు తీస్తుంటే అడిగారు.

"నువ్వు తాగవని తెలుసు. వాసన చూస్తే మీ దేవుడేమైనా అంటాడా?"

ఆలోచించాను. "పువ్వును వాసన చూస్తే ఏమనడు సార్. తనకు పెట్టే పువ్వునైతే చూడకూడదు."

"ఇది ఆయనకు పెట్టేది కాదు కదా."

"కాదు సార్."

అలా నా ముక్కు పనిలో చేరింది. గోధుమ బీరులో పండిన అరటిపండు, వెనకనే లవంగం. అందులో అరటీ లేదు, లవంగమూ లేదు, అంతా ఈస్ట్ చేసిన పని అని సారు చెబితే మనసులో దండం పెట్టుకున్నాను. కంటికి కనబడని జీవికి అంత విద్య ఇచ్చినవాడు ఎవరు మరి? నల్లబీరులో పెనం మీద మాడిన జొన్నరొట్టె, కాఫీపొడి. చేదుబీరులో మామిడి జీడి, వేపపూత. ఈ మాటలు నేను చెబుతుంటే సారు తల ఊపేవారు. కాని ఆయన ముఖం చూస్తే తెలిసేది, ఇది చాలడం లేదని. వాసన చెప్పేవాడు రుచి చెప్పలేడు. ఎదుట కూర్చుని తాగేవాడు కావాలి ఆయనకు. ఆయన అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. అందుకే నాకు ఇంకా కష్టంగా ఉండేది.

ఒకసారి ఆయన అన్నారు, "మా దేశంలో సన్యాసులే బీరు కాస్తారు. మఠంలో. ప్రార్థన చేసుకుంటూ."

"సన్యాసులా? తాగుతారా?"

"తాగుతారు. కొంచెం."

"మరి సన్యాసులు ఎట్ల అయితారు సార్?"

ఆయన గట్టిగా నవ్వారు. నేను నవ్వలేదు. ఆ రోజంతా నాకు ఆ మఠమే కళ్ళముందు ఉంది. గంట మోగుతుంది, లేచి ప్రార్థన చేస్తారు, వచ్చి పాత్ర కలుపుతారు. మా నాన్న చెట్టెక్కేముందు మోకుకు దండం పెట్టుకునేవాడు. అదీ ఇదీ ఒకటేనా కాదా తేల్చుకోలేకపోయాను. శుక్రవారం మేస్త్రన్నను అడిగితే, "పరాయోళ్ళ మఠం సంగతి మనకెందుకే, పాటెత్తు" అన్నాడు.

మీ ఊళ్ళో ఏం తాగుతారని సారు అడిగినప్పుడు ఈతకల్లు గురించి చెప్పాను. తెల్లవారుజామున దించితే తియ్యగా, ఎండెక్కేకొద్దీ పుల్లగా, నురగ కక్కుతూ. ఎవరూ ఈస్ట్ వెయ్యరు, గాలిలోదే వచ్చి చేరుతుందంటే ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. విల్లా ముంగిట్లో ఒక ఖర్జూరపు చెట్టు ఉండేది. ఈతకు అక్కలాంటిదే. ఈ దేశమంతా ఆ చెట్లే. మొదట్లో వాటిని చూసినప్పుడల్లా ఏ చెట్టుకు ఎక్కడ గాటు పెట్టాలో నా కళ్ళే వెతికేవి. ఇక్కడ ఎవరూ గీయరు, పండు తింటారు.

సారు ఆ చెట్టు పళ్ళే కోయించి, కడగకుండా, హాప్స్ వేసి మరిగించి చల్లార్చిన తియ్యనీళ్ళలో, ఈస్ట్ చల్లకుండా, వేసి ఒక గాజు జాడీలో పెట్టారు. పండు తొక్కమీద ఉన్న జీవులే పులియబెట్టాలట. నెలల తరబడి ఆ జాడీ ఏసీ గది మూలన ఉంది. మీద తెల్లని పొర కట్టింది. నాకు భయం వేసింది. ఆయన మాత్రం పసిపిల్ల నిద్ర చూసినట్టు చూసి వచ్చేవారు. తర్వాత సీసాల్లోకి మార్చాం. అప్పటికే ఆయన కాంట్రాక్టు ఇక పొడిగించరని తెలిసింది.

వెళ్ళేముందు ఒక సాయంత్రం ఆ సీసాలు తెరుద్దామనుకున్నారు. మిగిలిన ఆ ఒక్క స్నేహితుడు తప్పకుండా వస్తానన్నాడు. ముంగిట్లో ఖర్జూరపు చెట్టు పక్కన బల్ల వేశాను. రెండు గ్లాసులు, రొట్టె, చీజు. సాయంత్రపు అస్ర్ నమాజు పిలుపు అయిపోయింది. సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. ఫోన్ మోగింది. విని, "పరవాలేదు, పరవాలేదు" అన్నారు. ఫోన్ బల్లమీద బోర్లా పెట్టారు.

"కార్ పాడైందట," అన్నారు నాతో. నేను రెండో గ్లాసు తియ్యబోతే, "ఉండనీ" అన్నారు.

సీసా మూత తీశారు. బుస్సుమని నురగ వచ్చింది. ఆ వెంట వాసన వచ్చింది. నేనేం చెప్పను, అది ఈతకల్లు వాసనే. ఎండెక్కాక దించిన పుల్లకల్లు. ముంత, మోకు, మా నాన్న చెమట అన్నీ ఆ ముంగిట్లో వచ్చి నిలబడ్డాయి. నా చెయ్యి నన్ను అడగలేదు. ఆయన చేతిలోంచి సీసా తీసుకుని, వంగి, చెట్టు పాదులో మూడుసార్లు ధారగా పోశాను.

"సాక, ఎల్లమ్మ తల్లీ. సల్లంగ సూడు."

తల ఎత్తితే సారు ముఖం పాలిపోయి ఉంది. "పాడైపోయిందా?"

"లేదు సార్, లేదు. మంచిగుంది. అందుకే." సాక అంటే ఏమిటో చెప్పాను. మొదటిది తల్లికి అని.

"ఓహో. మరి మిగిలినది?"

"మిగిలినది ప్రసాదం సార్. ఉన్నవాళ్ళందరూ..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఊళ్ళో నాకు ఎవరూ ముంత అందించేవారు కాదు, ఎందుకంటే అందుకునేవాళ్ళు చుట్టూ చాలామంది ఉండేవారు. ఇక్కడ ఉన్నవాళ్ళందరూ అంటే ఆయనా నేనూ. ప్రసాదం వద్దంటే నేను తల్లికి పోసినది ఉత్త ఒలకబోత అవుతుంది. తీసుకుంటే గురువు చేతిలో వేసిన చెయ్యి అబద్ధమవుతుంది. సారు అప్పటికే రెండు గ్లాసులూ నింపారు. నావైపు జరపలేదు. గ్లాసును చూస్తూ కూర్చున్నారు.

నేను గ్లాసు ముట్టలేదు. కుడిచెయ్యి కడుక్కుని వచ్చి, తీర్థానికి పట్టినట్టు అరచెయ్యి గుంటచేసి ఆయన ముందు పట్టాను. ఆయనకు అర్థమైంది. సీసాతో కొంచెం పోశారు. తీసుకున్నాను. మూడుసార్లు పట్టాను, మూడుసార్లు తీసుకున్నాను. తడిచెయ్యి నెత్తికి రాసుకున్నాను.

"ఎలా ఉంది?" గొంతు చాలా మెల్లగా ఉంది.

"ముందు తీపి సార్. పండు తొక్క తీపి. ఎంబడే పులుపు, నాలుక పక్కలకు. మా ఊరి కల్లు ఇట్లనే ఉంటది. కని చివరికి ఒక చేదు వస్తున్నది. అది ఉండొద్దు. హాప్స్ ఎక్కువ పడ్డయ్."

"నేనూ అదే అనుకున్నాను!" బల్లమీద అరచేత్తో కొట్టారు. "పెట్టిన రోజే అనుకున్నాను. మళ్ళీ చెప్పు, ముందు ఏమిటి?"

మళ్ళీ చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను. పొద్దుగూకి మగ్రిబ్ పిలుపు వినబడేదాకా అలా కూర్చున్నాం. ఆయన వెళ్ళిపోయాక పెద్దపాత్రలూ గొట్టాలూ ఎవరో వచ్చి తీసుకుపోయారు. ఇంటికి చేరాక ఒక ఫోటో పంపారు, వాన పడుతున్న కిటికీ. నేను దండం గుర్తు పెట్టాను.

ఆ తర్వాతి శుక్రవారం మండలిలో ఈ సంగతి చెప్పాను. దాచుకోవలసిన పనిగా నాకు అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. సముద్రం దాటినా ఎల్లమ్మ తన వంతు తాను తీసుకుందని, ఆమె ప్రసాదాన్ని తీర్థంలా తీసుకున్నానని చెప్పాను. సంబరంగానే చెప్పాను. సిత్రా క్యాంపు నుంచి వచ్చే వెల్డర్ ఒకడు ముందు నోరు విప్పాడు. బాగా తాగుతూ ఉండేవాడు. మండలికి రావడం మొదలుపెట్టాక మానేశాడు. తొలి ఏకాదశికి మాల వేసుకుంటానన్నాడు.

"అన్నా, గట్లయితే నా బీరు క్యాన్‌ల కూడ అమ్మకింత పోస్త. మిగిలింది ప్రసాదమే గద!"

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. మేస్త్రన్న నవ్వలేదు, తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

వాడు అన్నంత పనీ చేశాడు. క్యాంపు గోడవతల నేలమీద చుక్క పోసి, సాక అమ్మా అని, మిగిలినది తాగడం మొదలుపెట్టాడు. ఇంకా కొందరు చేరారు. క్యాన్లకు తీర్థమని పేరు పెట్టుకున్నారట. డ్యూటీ దిగగానే, "యల్లా, తీర్థం తెచ్చుకుందాం పా" అని పిలుచుకునేవారట. వెల్డర్ శుక్రవారాలు రావడం మానేశాడు. ఒకరోజు వాడి భార్య ఊరినుంచి మేస్త్రన్నకు ఫోన్ చేసింది. మీ భజనల గిదేం నేర్పిండ్రే మామా అని ఏడ్చిందట.

మేస్త్రన్న నన్ను మెట్లమీదకు పిలిచి చెప్పాడు.

"తప్పయిందని అందరి ముంగట ఒక్క మాట జెప్పు. గంతే. నువ్వంటే వాడు ఇంటడు."

"తప్పని ఎట్ల జెప్పాలె మేస్త్రన్నా? తల్లి పేరు మీద పోసిన. పటం ముంగట కూసోని అబద్ధం ఎట్లాడుదు?"

"నువ్వు జేసింది తప్పని నేనంటలేను. నీ నిజం నీకు మంచిగనే ఉంది. వాని కడుపుల వడ్డంక బీరైతున్నది. గది సూడు."

నేను చదివిన పురాణాలన్నీ మనసులో తిరగేశాను. చివరికి నేనే ఒక మాట చెప్పాను. తప్పని చెప్పను. కాని వాడు మళ్ళీ వచ్చి ఈ గదిలో కూర్చునేదాకా నేను ముందు కూర్చోను, పాట ఎత్తను.

"వెనుక కూసో. అందుకో. ఎవలొద్దన్నరు?" అన్నాడు మేస్త్రన్న.

ఒక శుక్రవారం వెనక కూర్చున్నాను. ఒక్కో పాట అయిపోగానే అందరి తలలూ అలవాటుగా వెనక్కి, నావైపు తిరిగేవి. నేను నేలచూపులు చూసేవాణ్ణి. ఎవరో గొంతు సవరించుకుని ఎత్తితే శ్రుతి కుదరక మధ్యలో ఆగిపోయేది. నేను అక్కడుంటే అది కుదరదని అర్థమైంది. మరుసటి వారం హూరా బస్సు ఎక్కలేదు, సిత్రా వెళ్ళాను.

వెల్డర్ గోడవతల కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు, మర్యాదగానే. ఇటుక మీద తువ్వాలు పరిచాడు. క్యాన్ తీసి, నేలమీద ఒక చుక్క రాల్చి, నాకు అందించాడు.

"తీస్కో అన్నా. ప్రసాదం."

"వద్దు తమ్మీ."

"గట్లెట్ల? దొర పోస్తె తీసుకున్నవ్. నేను పోస్తె వద్దా? మీ ఎల్లమ్మ వేరు, మా ఎల్లమ్మ వేరా?"

"ఆమెకు పోసినంక మాకు మిగిలింది తమ్మీ. నువ్వు నీకోసం తెచ్చుకొని ఆమెకు చుక్క ఇదిలిస్తున్నవ్."

వాడు క్యాన్‌వైపు చూశాడు. కోపం రాలేదు వాడికి. "అన్నా, నువ్వు సదువుకున్నోనివి. గంత సన్నగ తేడా మాకు దెలుస్తదా?" అన్నాడు. "నా ఒక్కనికోసం ఆడ పాట బంద్ వెట్టినవట. ఎందుకే? ఎవనికి లాభం?"

"ఇంటికాడ నీ పెండ్లాం ఏడుస్తున్నది."

"తెలుసు," అన్నాడు. తాగాడు. బస్సు వచ్చేదాకా వాడు నా పక్కనే నిలబడ్డాడు, నా చేతిసంచి పట్టుకుని.

విల్లాకు కొత్తవాళ్ళు ఇంకా రాలేదు. తలుపులు తీసి దుమ్ము తుడిచి మళ్ళీ మూయడమే నా పని. శుక్రవారాలు వంటింట్లో స్టూలుమీద కూర్చుంటాను. ఒంటరిగా భజన చెయ్యడం కష్టం. ధ్యానం ఒంటరిగా కుదురుతుంది, జపం కుదురుతుంది. భజనకు ఇంకో గొంతు కావాలి. ఎత్తి ఊరుకుంటే పాట గాలిలో ఆగిపోయినట్టు ఉంటుంది.

నిన్న శుక్రవారం పప్పు తాలింపు వేస్తుంటే ఫోన్ మోగింది. మేస్త్రన్న వాయిస్ మెసేజ్. వెనక తాళాలు, ఎవరో దగ్గుతున్నారు. "గా చందనపు పాటల రెండో చరణం ఎట్లనే? ఎవ్వలకు యాదికొస్తలేదు. జెర్ర జెప్పు." పొయ్యి ఆర్పాను. గొంతు సవరించుకుని రెండో చరణం పాడి పంపాను. ఆ కిందనే, "వెల్డర్ తమ్ముడు వచ్చిండా?" అని రాశాను.

రెండు టిక్కులూ నీలమయ్యాయి. జవాబు రాలేదు. పాట నడుస్తూ ఉండి ఉంటుంది, మధ్యలో ఫోన్ ఎవరు చూస్తారు. వాళ్ళు ఎంత నిదానంగా పాడతారో నాకు తెలుసు. మనసులో లెక్క కట్టుకుంటూ కూర్చున్నాను. మొదటి చరణం, మళ్ళీ పల్లవి, ఇప్పుడు రెండోది. నేను పంపిన చరణాన్ని ఎవరో ఎత్తుకునే వేళకు, ఆ ఖాళీ ఇంట్లో, గొంతు పెంచకుండా నేను అందుకున్నాను.